శ్రావణం రాగానే తీసేసిన అద్దం

మా పెద్దబాపు చక్కదిద్దిన కాపురాలు ఊళ్లో చాలా ఉన్నాయి. వాటిలో బాగుపడినవి ఏవని ఎవరూ అడగలేదు. ఆ చెయ్యి చివరికి నా చేపల మీద పడింది.

ఎనభైల్లో జనగామ స్టేషన్ దగ్గర ఒక్కణ్ణే అద్దెకుంటూ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. హైదరాబాద్ నుంచి సిక్లిడ్ చేపల జత తెచ్చాను. ఒంటి మీద నల్ల చారలు, వేలెడు పొడవు. వాటితో పిల్లలు పెట్టించాలని నా పట్టుదల. చిక్కేమిటంటే, మగచేప తొట్టిలో ఒక మూల తనదనుకుందంటే ఇక పట్టా పాసుబుక్కులతో పనిలేదు. గుడ్లకు సిద్ధం కాని ఆడది అటు వస్తే చచ్చేదాకా తరుముతుంది. అందుకే తొట్టి మధ్య అద్దం పలక దింపాను. చూసుకుంటాయి, ముట్టుకోలేవు. మగది అద్దాన్ని పొడవడం మానేదాకా ఆగాలి. తర్వాత రాళ్లన్నీ తారుమారు చేసి, దాని హద్దులు దానికే తెలియకుండా చేసి, అప్పుడు అద్దం తీయాలి. తీశాక కూడా పక్కనే కాపలా కూర్చోవాలి.

పెద్దమ్మ కంటి ఆపరేషన్ కోసం ఆషాఢంలో ఆమె, పెద్దబాపు నా అద్దె ఇంట్లో దిగారు.

"గా నడిమిట్ల అద్దమేందిరా? ఆషాఢమని వేరువెట్టినవా?"

"కాదు పెద్దబాపు. కలిపితే ఆడదాన్ని కొడుతది."

"కొత్తల గట్లనే ఉంటది" అన్నాడు, ఎంతో అనుభవంతో.

శ్రావణం వచ్చింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అద్దం గోడకు ఆనించి ఉంది. తొట్టి అడుగున పసుపు అక్షింతలు. తోక చీలికలై, పొలుసులు ఊడి, ఆడచేప నీటి పైన ఒక మూల వణుకుతోంది. మగది తీరిగ్గా మళ్లీ వస్తోంది.

"అది సంపుతాంది గదా పెద్దబాపు."

"మొగడన్నంక జర కొడుతడు. అదే సర్దుకుంటది."

ఊళ్లో ఆయన పంచాయితీలు చెప్పే మా ఇంటి గద్దె ముందు ముఖం వాచి నిలబడ్డ ఆడవాళ్లకు ఇదే మాట చెప్పి పంపేవాడు. వాగులోనైతే ఓడిన చేప పారిపోతుంది. తొట్టిలో పారిపోయే చోటే లేదు. అక్కడ సర్దుకోవడమంటే చావడం. ఇది పుస్తకంలో ఉంది. గద్దె మీద కూర్చున్నవాళ్లు చదవలేదు.

"సచ్చినంకనే అది సర్దుకునేది" అన్నాను. నా గొంతు వీధిలోకి వినబడింది.

"చాపకోసం నా మీద గొంతు లేపుతవా?"

"చాపకోసమే కాదు."

కంటికి కట్టుతో గడప దగ్గర కూర్చున్న పెద్దమ్మ లేచింది. గోడ తడుముకుంటూ వెళ్లి అద్దం పట్టుకుంది.

"ఇది ఎటుదిక్కు పెట్టాలె బిడ్డా?"

చెయ్యి పట్టి చూపించాను. ఆడచేపకు తగలకుండా మెల్లగా దింపి, రెండు చివరలూ బొటనవేళ్లతో గట్టిగా అదిమింది.

"దిగిందా సూడు. ఈన మల్ల తీస్తడు."

ఆయన వింటుండగానే అన్నది. పెద్దబాపు చెప్పులేసుకుని బజారుకు పోయాడు, మర్నాడు ఒక్కడే ఊరికి పోయాడు.

ఆడచేప బతికింది. మళ్లీ కలపాలని నాకే మనసు రాలేదు. ఊళ్లో పెద్దబాపు మాత్రం, మావాడు మొగుడు పెండ్లాలను విడగొట్టే చదువు చదివిండని చెప్పుకుంటున్నాడట. ఆ కబురు మాకు చేరేటప్పటికి పెద్దమ్మ తొట్టి ముందు పీట వేసుకుని బియ్యం ఏరుతోంది. కన్ను మానింది, ఇక ఊరికి పోవచ్చని డాక్టరు చెప్పి చాలా రోజులైంది.