గంపతో మాట్లాడిన మామ

పెళ్లయిన కొత్తలో నాకూ మా మామకూ మధ్య ఒక ఈతగంప ఉండేది. మా అత్తగారి ఊరు తర్లుపాడు పక్కన. అప్పట్లో మాదంతా మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లా. ఆ ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు, మామా కోడల్ని నేరుగా పలకరించడు. చూస్తే ఇల్లు రెండు మంచాలు పడితే నిండిపోయేంత. అందులో ముఖాలు తిప్పుకుని ఎంతకాలమని బతకగలం? అందుకని మామ గడప పక్కనుండే గంపతో మాట్లాడేవాడు. “గంపా, కాసిన్ని నీళ్లు తెచ్చియ్యి” అనేవాడు. నేను నీళ్లు తెచ్చి గంప పక్కన పెట్టి, “గంపా, సంగటి అయింది, కాళ్లు కడుక్కొని రమ్మను” అనేదాన్ని. ఊళ్లో సగం ఇళ్లలో ఇదే వరస కాబట్టి ఎవరూ నవ్వేవాళ్లు కాదు. నాకే రాత్రిళ్లు దుప్పటి కప్పుకున్నాక నవ్వొచ్చేది.

మామ పలకల గనిలో రాయి చీల్చేవాడు. ఉలి ఆనించి చిన్న దెబ్బ వేసి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినేవాడు. రాయి లోపల పొర ఎటు పోయిందో ఆయనకు చెవిలో పడేది. కళ్లు తెరిచి రెండో దెబ్బ వేస్తే బండ రెండు అప్పడాల్లా విడిపోయేది. అన్నం పట్టుకుపోయినప్పుడల్లా నేను కాస్త దూరంగా నిలబడి అది చూసి వచ్చేదాన్ని. ఆయనంటే నాకు భయం అనుకునేది అత్త. భయం కాదు, ఆ పనితనమంటే మోజు.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువులు నిండాయి. ఒకరోజు మా నాయన గిద్దలూరు వైపునుంచి రైలెక్కి వచ్చాడు. అమ్మకు నెలలు నిండాయి. పెద్దవయసు కాన్పు. అంతకు ముందు కాన్పులోనే చచ్చి బతికింది. నన్ను పంపమని అడగడానికి వచ్చాడు. నా ప్రాణం అప్పటికే అమ్మ దగ్గరకు పోయింది. అయితే వారంలో వేరుశనగ పీకుడు మొదలు. నన్నూ కలుపుకుని ఇంతమందిమి వస్తామని అత్త ఒక రైతుకు మాటిచ్చేసింది. మామకు మింగలేక కక్కలేక అయింది. కాదంటే వియ్యంకుడు చిన్నబుచ్చుకుంటాడు, అవునంటే పెళ్లాం మాట పోతుంది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని వానల గురించి, ఎద్దుల గురించి, కొత్త పాస్టరు గొంతు గురించి మాట్లాడారు కానీ అసలు సంగతి దగ్గరికి రాలేదు.

చివరికి నాయనే అన్నాడు. “బావా, మనం మాట్లాడుకుంటే ఇది తెగేటట్టు లేదు. కంభం చెరువు తెంపుతది. ఏమంటావు?”

ఇద్దరికీ గాలాల పిచ్చి. మామ ముఖం వెలిగిపోయింది. కంభం మా రెండు ఊళ్లకూ రైలు దారిలో నడుమ ఉంటుంది. పొద్దున్నే అక్కడికి పోవాలి. ఇద్దరిద్దరు ఒక జత, జతకు ఒకే గాలం. ఎండ నడినెత్తికొచ్చే లోపల ఎవరి బొచ్చె చేప పెద్దదైతే వాళ్ల మాట చెల్లాలి. బొచ్చె ఒక్కటే లెక్క, జెల్లలూ పక్కెలూ లెక్కలోకి రావు. నాయన గెలిస్తే నేను గిద్దలూరు బండి ఎక్కుతాను. మామ గెలిస్తే పీకుడు అయ్యేదాకా అత్తగారింట్లోనే.

జతలు ఎట్లా అన్న మాట వచ్చింది. “ఎవురి బిడ్డ వాళ్ల పక్కనుంటే దొంగాట అయితది” అన్నాడు మామ. “నీ కూతురు నా పక్క. నా కొడుకు నీ పక్క.”

నన్నెవరూ అడగలేదు. అడిగుంటే గంపకు చెప్పేదాన్ని.

మర్నాడు పొద్దున్నే నలుగురం కంభం చేరాం, చేపలకని గంపా మా వెంట వచ్చింది. చెరువు కట్ట కింద ఒక నల్లబండ మీద నా రేకు పెట్టె పెట్టారు. గెలిచినవాళ్లు దాన్ని ఎత్తుకోవాలి. గాలం వేసేముందు ఇద్దరూ తలపాగాలు తీసి ప్రార్థన చేశారు. ఒకే దేవుణ్ణి ఇద్దరూ చెరో చేప అడిగారు, ఆయనకు ఎంత ఇబ్బంది! వల వేస్తే చెరువును వేలంలో పాడుకున్నవాడు పరుగెత్తుకొస్తాడు కానీ, గాలానికి ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు.

నాయనది వెదురు కర్ర, దానికి జీలుగ బెండు. మామకు కర్ర లేదు, బెండూ లేదు. చెక్క ముక్కకు చుట్టిన పొడవాటి దారం, దాని కొసన బరువుకు బెజ్జం వేసిన పలక ముక్క, గాలానికి వేరుశనగ చెక్క కలిపిన సంగటి ఉండ. దారం చూపుడువేలి మీద వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. గనిలో రాయిని విన్నట్టే నీళ్లను వింటున్నాడు. చిన్నప్పటి నుంచి మా నాయన పక్కన గాలం వేసినదాన్ని, అట్లాంటి పట్టు నేనెక్కడా చూడలేదు. చిన్న చేపలు ఉండను పొడిచినప్పుడు వేలు కదలనిచ్చేవాడు కాదు. “గంపా, పిల్లలు ఆడుకుంటున్నారు” అనేవాడు. కాసేపాగి, “గంపా, ఇంకో ఉండ” అనేవాడు. నేను చేసి గంప అంచున పెట్టేదాన్ని.

అవతల మా ఇంటాయన తీరు వేరే. నన్ను పంపడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. నాయన బెండు కదిలినప్పుడల్లా ఆయనకు దగ్గొచ్చేది. ఏమీ తోచనట్టు గులకరాళ్లు నీళ్లలోకి విసిరేవాడు.

“అల్లుడా, చేపలకు అక్షింతలు తర్వాత వేద్దువుగాని, ముందర పెళ్లి కుదరనీ” అన్నాడు నాయన.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అంత దగ్గులోనూ నాయన మోచేతి పొడుగు బొచ్చెను లాగి బండ మీద పడేశాడు. నా గుండెలో వాన కురిసినట్టయింది. అమ్మ దగ్గరకు పోతున్నాననుకున్నాను. ఎండ నడినెత్తికి రావడానికి ఇంక కాసేపే ఉంది.

అప్పుడు మామ వేలు వంగింది. ఆయన లేవలేదు, గట్టిగా గుంజలేదు. మణికట్టు ఒక్కసారి తిప్పాడంతే. దారం బిగిసి నీళ్లను కోసుకుంటూ పోయింది. దూరాన ఒక వెడల్పాటి వీపు పైకి తేలి మునిగింది. నాయన కర్ర కింద పెట్టి లేచి నిలబడ్డాడు. చేప ఎంత లాగితే మామ అంత ఇచ్చాడు, అది అలిసినప్పుడు మెత్తగా తీసుకున్నాడు. అంతా కళ్లు మూసుకునే. పోట్లాటలాగా లేదు, పసిబిడ్డను నిద్రపుచ్చుతున్నట్టుంది.

అంతలో చేప పక్కకు తిరిగింది. ఆ పక్కన, కొత్త నీళ్లలో మునిగిన తుమ్మచెట్టు ఉంది. కొమ్మల కొసలు నీళ్లపైన కనపడుతున్నాయి. అందులో దూరిందంటే దారం తెగుతుంది. మామ చూడలేదు. చూడడు కూడా, కళ్లు తెరిస్తే వేలి పట్టు పోతుందేమోనని ఆయన భయం. మా జతలో చూస్తున్నది నేనొక్కదాన్నే.

నేను నోరు మూసుకుంటే చాలు. చేప పోతుంది, నాయన గెలుస్తాడు, సాయంత్రానికి అమ్మ పక్కన ఉంటాను. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని ఇప్పుడు చెప్పుకోను. కానీ అంత అందమైన పనిని కళ్లముందే పాడైపోనివ్వడం నా వల్ల కాలేదు. గంపకు చెబుదామా అంటే, గంపతో చెప్పి అది మామకు అందేసరికి చేప శ్రీశైలం చేరుతుంది.

“మామా! కంప ఉంది! దారం వదులు, ఎడమ పక్కకు రా!” అని అరిచేశాను.

చెరువంతా విన్నది. మా ఇంటాయన చేతిలో గులకరాయి చేతిలోనే ఉండిపోయింది. మామ ఉలిక్కిపడలేదు, కళ్లు తెరవలేదు. దారం వదిలి, లేచి, నా గొంతు వచ్చిన వైపుకు నడిచాడు. “ఇంకా, ఇంకా రా మామా. ఆ, చాలు, లాగు” అంటూనే ఉన్నాను. మా ఇద్దరి కాళ్లూ మోకాళ్ల దాకా బురదలో ఉన్నాయి. చేప ఒడ్డుకొచ్చాక గంపను దాని కింద దోపి ఎత్తింది నేనే.

బండ మీద రెంటినీ పక్కపక్కన పెట్టారు. కొలవాల్సిన పని లేకపోయింది. నాయన కండువాతో ముఖం తుడుచుకుని, “చెప్పినావు కదమ్మా” అన్నాడు. కోపంగా కాదు. గాలం నేర్పినవాడు కదా, ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. నాకు ఏడుపొచ్చి అటు తిరిగి కాళ్లు కడుక్కున్నాను.

పెట్టె ఎత్తడానికి మా ఇంటాయన అప్పటికే వంగాడు. “ఉండురా” అన్నాడు మామ. “బావా, గెలిచినోడి మాట చెల్లాల గదా?”

“చెల్లాల.”

“అయితే నా మాట ఇది. కోడలు నీతో వస్తది. ఈ చేప కూడా నీతోనే, మా చెల్లెమ్మకు. ఆ యమ్మి నోరు మూసుకోనుంటే నువ్వు గెలిచేటోడివి. తనకు నష్టమని తెలిసి నాకు చెప్పింది. అట్టాంటి మనిషిని తల్లి కాడికి పంపకుండా శెనక్కాయలు పీకిస్తే నేనేం మనిషిని?”

“అమ్మకేం చెప్తావు నాయనా?” అన్నాడు మా ఇంటాయన, పెట్టె పట్టుకునే.

“ఆ పిల్ల వంతు నేను పీకుతా. గని యాడికీ పోదు.”

చెప్పినట్టే నా వంతు సాళ్లు ఆయనే పీకాడట. కోడలి సాళ్లలో మామ వంగాడని చేనంతా నవ్వితే, వాళ్లతో కలిసి తనూ నవ్వాడట. ఆ మాట అత్తే చెప్పింది, మూతి తిప్పుకుంటూనే.

ఆ రోజు కంభం స్టేషన్లో గిద్దలూరు బండి వచ్చింది. మా ఇంటాయన దిగులుముఖంతో పెట్టె ఎక్కించాడు. చేప ఉన్న గంప నా ఒడిలో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మామ కిటికీ కిందకు వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు నాతో మాట్లాడతాడనుకున్నాను. చుట్టూ జనం ఉన్నారు. ఆయన అటూ ఇటూ చూసి, తలవంచుకుని, గంప వైపే తిరిగాడు.

“గంపా, నేను కళ్లు మూసుకొని గాలం పట్టేటోణ్ణి. నా కళ్లు నీతో పంపిస్తుండా. చెల్లెమ్మ లేచి తిరిగినాక బద్రంగా తెచ్చియ్యి” అన్నాడు.

బండి కదిలింది. నేను గంపను చూడలేదు.

“తెస్తా మామా” అన్నాను, ఆయన ముఖంలోకే చూసి.