ఆకాశానికి పట్టిన పురుగు

పచ్చగా కాసిన కాఫీ తోటను నాశనం చేసే చీడలు ఎన్నున్నాయని ఎవరినైనా అడగండి. కాండం తొలిచేదనీ, కాయ తొలిచేదనీ, ఆకు ఎండబెట్టేదనీ బోలెడు చెబుతారు. ఒక చీడను మాత్రం అందరూ మర్చిపోతారు. అది రెండు కాళ్ల మీద నడుస్తుంది. ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. పాడేరులో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతుంది. మెడలో కెమెరా వేలాడుతూ ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఆ చీడను నేనే. పది చీడలు కలిసినా చేయలేని పని నేను ఒక్క పూటలో ఎలా చేశానో చెబుతాను. మీరు నవ్వితే నవ్వండి. నాకు మాత్రం నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

అంతా మా ఆయన కొన్న గొట్టాలతో మొదలైంది. పురుగుల్ని దగ్గర్నుంచి ఫోటోలు తీయడం నా పిచ్చి. దానికి ప్రత్యేకమైన లెన్సు ఉంటుంది, కొనిపెట్టమని పెళ్లిరోజుకి అడిగాను. ఆయన ఓ చిన్న అట్టపెట్టె తెచ్చి చేతిలో పెట్టారు. అందులో నల్లటి రింగులు మూడున్నాయి. వాటిలోంచి చూస్తే మా ఆయన మొహం ఉన్నదున్నట్టే కనబడింది.

"ఇందులో గాజేదండీ?"

"ఉండదు. వీటిని కెమెరాకీ లెన్సుకీ మధ్యన బిగిస్తే చాలు, చీమ ఏనుగంత కనబడుతుందట."

"ఖాళీ గొట్టాలకి డబ్బులిచ్చారా?"

"నువ్వడిగిన లెన్సు ధర చూశాక, ఖాళీయే నయమనిపించింది."

ఆ గొట్టాలు నన్ను పెట్టిన తిప్పలు పగవాళ్లకి కూడా వద్దు. బిగించగానే కెమెరా 'నాకు లెన్సు లేదు' అని మొరాయించింది, ఎంత నొక్కినా క్లిక్కుమనదు. మెనూ అంతా గాలించి, లెన్సు లేకపోయినా ఫోటో తీయమని చెప్పే సెట్టింగు పట్టుకున్నాను. అప్పుడు తీసింది కానీ, చీమ కాలి గోరు ఒక్కటే స్పష్టంగా వచ్చి మిగతా చీమంతా పొగమంచులో కలిసిపోయింది. లెన్సు లోపలి రంధ్రం బాగా చిన్నదైతే తప్ప చీమ మొత్తం కనబడదు. ఆ రంధ్రాన్ని చిన్నది చేసే తీగలు ఈ చౌక గొట్టాల్లో లేవు. దానికీ ఒక చిట్కా దొరికింది. ముందు లెన్సును నేరుగా కెమెరాకి పెట్టి, రంధ్రం చిన్నది చేసి, ఓ మీట నొక్కి పట్టుకుని, అలాగే లెన్సు ఊడదీసి, అప్పుడు గొట్టాలు తగిలించాలి. మూడో చెయ్యి ఇవ్వనందుకు బ్రహ్మదేవుణ్ణి తిట్టుకుంటూ అదీ సాధించాను. గొట్టాల జబ్బులన్నిటికీ మందు కనిపెట్టాననుకున్నాను. కెమెరా నోరు అన్నిసార్లు తెరిస్తే లోపలికి ఏం పోతుందో అనే ఆలోచన మాత్రం రాలేదు.

ఇక చిలకమ్మ సంగతి. మా పాడేరు సంతలో అల్లం, రాజ్మా అమ్ముతుంది. గూడెం కొత్తవీధి వైపు కొండ మీద వాళ్ల ఊరు. ఓసారి ఆమె అల్లం బుట్ట మీద వాలిన పురుగుని ఫోటో తీయడానికి నేను సంత మధ్యలో బోర్లా పడుకున్నాను. అప్పట్నుంచి ఆమెకి నేను 'పురుగుల మేడం'ని. ఓ శుక్రవారం అల్లం తూచడం మానేసి నా చెయ్యి పట్టుకుంది.

"మేడం, కాపీ కాయకి సిల్లెట్టే పురుగొచ్చినాదని మా కొండంతా ఒకటే గోల. కాపీ ఆపీసోళ్లు కాయితాలు పంచినారు. మా ఊరికి సోమారం ఒత్తారట. అందాక నాకు నిద్దరట్టదు. నువ్వొచ్చి సూసి సెప్పవా?"

"రెండు కాయలు కోసుకురాలేకపోయావా? ఇక్కడే చూసి చెప్పేదాన్ని."

చిలకమ్మ చెంపలు వేసుకుంది. "అమ్మో, కొయ్యకూడదు. నాలుగేళ్లు సంటిబిడ్డలా సాకినాను. ఇది తొలి కాపు. అమ్మోరికి ఎట్టకుండా ఒక్క కాయ తుంచినా తప్పే."

వాళ్ల ఊళ్లో మామిడికాయైనా, సామలైనా, కొత్తగా వచ్చిందేదైనా మంచిరోజు చూసి అమ్మవారికి పెట్టాకే ఎవరైనా ముట్టుకుంటారు. ఆ రోజు చూసేదీ, పూజ చేసేదీ దిసారి తాత. కాఫీకి ఆ పట్టింపు అందరికీ లేదు కానీ, చిలకమ్మ తనంతట తాను పెట్టుకుంది.

"అమ్మోరికి ఒక బుట్ట ఎట్టీసి, తరవాత ఓ గలాసుడు కాపీ కాసుకుని నానూ మావోడూ తాగుదుమని. ఇన్నాళ్లూ ఊరోళ్ల తోటల్లో కూలికి కోసినాం. మనది మనం తాగనేదు కదా."

"నువ్వేం బెంగపెట్టుకోకు. కాయ కొయ్యక్కర్లేదు, చెట్టు మీదుండగానే పురుగుని పట్టే యంత్రం నా దగ్గరుంది" అన్నాను. ఆ క్షణంలో నా మొహం నేను చూసుకోలేదు కానీ, అద్దం ఉంటే అదే పగిలేది.

ఆదివారం పొద్దున్నే జీపెక్కాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారేమో, ఘాట్ అంతా ఎర్రదుమ్ము. వెళ్లగానే పనిలోకి దిగిపోవాలని, జీపులోనే ఒళ్లో తుండుగుడ్డ పరుచుకుని కెమెరా నోరు తెరిచి గొట్టాలు బిగించడం మొదలుపెట్టాను. పక్కాయన ఒళ్లో కోడిపుంజు ఉంది. జీపు గోతిలో పడ్డప్పుడల్లా అది రెక్కలు టపటపలాడించేది. "ఏటమ్మా అది, బాంబా?" అన్నాడాయన. "సైన్సు" అన్నాను.

చిలకమ్మ తోట ఇంటి వెనక వాలులో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఉంది. కొమ్మలకి కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఎక్కడో ఒకటీ అరా ఎరుపు తిరుగుతున్నాయి. ఆమె భర్త సింహాద్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఊపిరి బిగబట్టి, ఒక కాయ బొడ్డుకి లెన్సు ఆనించినంత దగ్గరగా వెళ్లి క్లిక్కుమనిపించి, తెర మీద చూశాను.

కాయ బొడ్డు పక్కనే గుండ్రంగా, నల్లగా చిల్లు.

గుండె జల్లుమంది. నిజం చెప్పొద్దూ, ఆ జల్లుమనడంలో ఓ మూల కాస్త సంబరం కూడా ఉంది. రోగం దొరికిన వైద్యుడి సంబరం లాంటిది. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఇంకో కాయ తీశాను, చిల్లు. మరో చెట్టు, చిల్లు. పొరపాటున ఓ ఆకు ఫోటో పడితే దాని మీదా చిల్లే.

"చూశావా, ఆకుని కూడా వదల్లేదు దుర్మార్గపు పురుగు!" అన్నాను. కాయ తొలిచే పురుగు ఆకు జోలికి రాదని పిల్లలకి పాఠం చెప్పే నోటితోనే.

సింహాద్రి కాయ మీదికి వంగి వేలితో తడిమాడు. "నా కంటికి నున్నగానే ఉన్నాది మేడం."

"కంటికి కనబడితే ఇంక కెమెరా దేనికి సింహాద్రీ? ఇది మొదటి దశ."

చిలకమ్మ కొండవైపు చూసి, మెల్లగా అంది. "పోనీ ఒక్క కాయ ఇరిసి సూద్దుమా? తప్పైతే నానే మొక్కుకుంటాను."

ఇదిగో, ఇక్కడే తప్పటడుగు వేశాను నేను. ఒక్క కాయ. గోటితో చీలిస్తే లోపల పురుగు ఉందో లేదో తేలిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు పెద్దలు. నేను గొడ్డలి కూడా కాదు, గొట్టం పట్టుకొచ్చాను. పైగా పెద్దమనిషి తరహాలో ఏమన్నానో తెలుసా? "వద్దు చిలకమ్మా, నీ మొక్కు నా చేత చెడకూడదు."

"మరైతే రేపు ఆపీసోళ్లు ఒత్తారు కదా, అందాక ఆగుదుమా?"

"అప్పటికి కొండంతా పాకుతుంది. కాయలన్నీ ఇప్పుడే కోసి పూడ్చెయ్యాలి. చుట్టుపక్కల తోటల వాళ్ల ఉసురు నీకు తగలదూ?"

ఆ మాటకి ఆమె వెళ్లి ఇంట్లోంచి బుట్ట తెచ్చింది. నా నోట్లోంచి వచ్చిన మాటల్లో ఒక్కటి వెనక్కి తీసుకునే వరం ఎవరైనా ఇస్తే, ఆ మాటే తీసుకుంటాను.

చిలకమ్మ కొండకి దణ్ణం పెట్టి మొదటి కాయ తనే తుంచింది. ఊరివాళ్లు నలుగురు సాయం వచ్చారు. "బేగి కొయ్యండర్రా, పురుగు ఎగిరిపోద్ది" అని ఎవరో అరిచారు. ఆఫీసువాళ్ల కాగితంలో ఉన్నట్టు కాయల్ని మరిగే నీళ్లలో ముంచి గోతిలో పూడ్చాలి. నేను కాగితం పట్టుకుని పెళ్లిలో పురోహితుడిలా పక్కన నిలబడి ఒక్కో పనీ చదివి చేయించాను. పచ్చికాయలు ఉడికిన వాసన ఇల్లంతా కమ్మేసింది. మధ్యాహ్నానికి చెట్లకి ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. ఒక్క కాయ తుంచడానికి ఒప్పుకోని నేను, అన్ని కాయలూ తుంపించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

అందరూ వెళ్లిపోయాక సింహాద్రి, "ఎలాగూ కెమెరా తెచ్చినావు, మాకో పోటో తియ్యి మేడం" అన్నాడు, చిలకమ్మ మనసూ నా మనసూ మళ్లించడానికి కాబోలు. గొట్టాలు తీసేసి, మిగతా సెట్టింగులేవీ మార్చకుండా ఆలుమగల్ని నిలబెట్టి తీశాను. చిలకమ్మ తెర మీదికి వంగింది.

"మేడం, నా బుగ్గ మీద సిల్లేటి?"

చూశాను. నిజమే. గుండ్రంగా, నల్లగా.

"నీడ అయ్యుంటుందిలే" అని కాస్త పక్కకి జరిగి మళ్లీ తీశాను. చిల్లు బుగ్గ వదిలి సింహాద్రి చొక్కా మీదికొచ్చింది. అతను ఉలిక్కిపడి చొక్కా దులుపుకున్నాడు. చిలకమ్మ నా మొహం చూసింది, తెర చూసింది, మళ్లీ నా మొహం చూసింది.

"మేడం, ఆ పైకి తియ్యి."

ఆకాశాన్ని తీశాను. మబ్బు తునక లేని ఆకాశం నడిబొడ్డున, అదే చిల్లు.

"ఆకాశానికీ పట్టీసినాదేటి మేడం, పురుగు?"

ఎవరూ నవ్వలేదు. నేను లెన్సు ఊడదీసి కెమెరా నోట్లోకి ఉఫ్ఫుమని ఊదాను. మళ్లీ తీస్తే చిల్లు ఓ మూలకి జరిగింది. అది ఘాట్ రోడ్డు దుమ్మో, కోడిపుంజు ఈక నుసో, ఆ భగవంతుడికే తెలియాలి. లెన్సు రంధ్రం చిన్నదయ్యేకొద్దీ కెమెరా లోపలి దుమ్ము ఫోటోలో నల్లగా తేలి కనబడుతుందని తర్వాత తెలుసుకున్నాను. గొట్టాల జబ్బులన్నీ పట్టుకున్న నేను, పట్టుకోవాల్సిన ఒక్కదాన్నీ కాయల నెత్తిన పెట్టాను.

మర్నాడు ఆఫీసువాళ్లు వచ్చారు. ఊళ్లో మిగతా తోటలన్నీ చూసి, పురుగు లేదన్నారు.

శుక్రవారం సంతకొచ్చిన చిలకమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అమ్మోరికి ఏటని సెప్పుకోవాలి మేడం?" అని మాత్రం అడిగింది. మళ్లీ తనే అంది. "పూజ నాడు నువ్వే వొచ్చి సెప్పు."

వెళ్లాను. చిలకమ్మ అమ్మవారి ముందు బుట్ట పెట్టింది. ఖాళీ బుట్ట. దానికి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టింది. నేను చేతులు కట్టుకుని, కాలేజీ ఇన్‌స్పెక్షన్‌లో అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడి మొదలుపెట్టాను. "అమ్మా, కెమెరాకీ లెన్సుకీ మధ్యన గొట్టాలు పెట్టాను…"

దిసారి తాత ఆపాడు. "గొట్టాల్లో ఏటుంటాది?"

"ఏమీ ఉండదు తాతా."

"మరి పురుగో?"

"అదీ లేదు తాతా."

"ఏటీ నేని గొట్టంలోంచి సూసి, నేని పురుగుని పట్టినావా?"

"అవును తాతా."

తాత అమ్మవారి వైపు తిరిగి నా తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. "సదువుకున్న మనిసి తల్లీ. తెలీక సేసీసినాది. ఒగ్గీ."

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. చిలకమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, అడిగే ధైర్యం లేకపోయింది. ఆ ఖాళీ బుట్ట మాత్రం ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది. నేను అంతకన్నా సిగ్గుపడ్డ రోజు లేదు.

మరుసటేడు మళ్లీ కాపు వచ్చింది. చిలకమ్మ సంతకొచ్చి పిలిచింది. ఈసారి బుట్ట నిండుగా అమ్మవారి ముందుకు వెళ్లింది. కొన్నాళ్లకి గింజలు ఎండాక, వేయించి దంచి, బెల్లం వేసి కాసిన కాఫీ నా చేతికిచ్చింది. చాలా బాగుంది. కానీ ఆ గ్లాసు ఏడాది ఆలస్యంగా వచ్చిందని ప్రతి గుక్కకీ గుర్తొచ్చింది. తాగడం అయ్యాక, పూతకొచ్చిన కొత్త మొక్కని ఫోటో తీద్దామని అలవాటుగా కెమెరా ఎత్తాను. చిలకమ్మ లెన్సుకి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఆకాశం తియ్యి మేడం. ఆకాశానికి పురుగు నేకపోతే, అప్పుడు నా సెట్టు కాడికి రా."

కాబట్టి అమ్మవారి సాక్షిగా, దిసారి తాత సాక్షిగా, జీపులోని కోడిపుంజు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గోటితో తేలేదాన్ని గొట్టంతో తేల్చను. జీపులో కెమెరా నోరు తెరవను, జీపు దిగాక నా నోరూ తెరవను. ఆకాశానికి చిల్లు లేదని చిలకమ్మ చూసి ఒప్పుకున్నాకే, భూమ్మీద కాయకి చిల్లుందని అంటాను. అప్పుడు కూడా ముందు ఒక్క కాయ విరిచి చూస్తాను.