జల్లెడలో ఎర్ర బంక

చిత్తూరు పాత బస్టాండు వెనక సందులో ఆదిమూలానికి ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. చెవి మెకానిక్కు షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చెయ్యెత్తి చూపించేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి ఆయన కళ్లు మూసుకునేవాడు. ఏ వాల్వు కొట్టుకుంటోందో, ఏ బేరింగు అరిగిందో విని చెప్పేవాడు. ఆ చెప్పడం మీద ఆయనకు గట్టి నమ్మకం. ఇంజన్ల మాట వినీ వినీ మనుషుల మాట వినడం మానేశాడని భార్య మునిరత్నమ్మ ఎత్తిపొడిచేది. ఆమె పోయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు.

ఆమె పోయాక ఆయనతో కూర్చుని అన్నం తిన్న మనిషి ఒక్కడే, పెంచలయ్య. మామిడికాయల మండీ కుప్పయ్య దగ్గర డ్రైవరు. కారు మండీ ముందు నిలబెట్టి, మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకు వచ్చేవాడు. అతని భార్య తిరుమలమ్మ, అడక్కుండానే ఇద్దరికి సరిపడా సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి పంపేది. పెంచలయ్య ఘాట్ రోడ్డు కబుర్లేవో చెబుతుంటే ఆదిమూలం ఊకొడుతూ తినేవాడు. నాలుగేళ్లు అట్లా గడిచాయి.

డెబ్బై ఎనిమిది వేసవిలో కుప్పయ్య కుటుంబంతో కొండకు వెళ్లి వస్తుంటే కారు ఇంజను టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెంచలయ్య దాన్ని మెల్లగా దించి, మరుసటి రోజు షెడ్డుకు తెచ్చాడు. వెనకే కుప్పయ్య కూడా వచ్చాడు. ఆదిమూలం స్క్రూడ్రైవరుతో విని, ఇంజను పైమూత విప్పాడు. వాల్వులను నొక్కే రాకర్లు నూనె తడి లేక ఎండిపోయి ఉన్నాయి. అవి ఊగే కడ్డీ గాడిపడి అరిగిపోయింది. ఆయిలు కొలిచే గేజీకడ్డీ తీసి చూస్తే అది నల్లగా ఉంది.

ఏమైందని కుప్పయ్య అడిగాడు.

"ఆయిలు టయానికి మార్చినట్టు లేదు," అన్నాడు ఆదిమూలం.

తాను సంక్రాంతి ముందొకసారి, ఉగాది దాటాక ఒకసారి మార్చానని పెంచలయ్య చెప్పబోయాడు. కుప్పయ్య వినలేదు. పెళ్లాంబిడ్డలను కొండ మలుపుల్లో పెట్టుకుని చంపబోయావని నలుగురిలో తిట్టి, తాళంచెవి లాక్కున్నాడు. పెంచలయ్య ఆదిమూలం వైపు చూశాడు. ఆదిమూలం తలవంచి నట్లు విప్పుకుంటూ ఉండిపోయాడు.

రెండు రోజుల తర్వాత, షెడ్డులో మరిచిపోయిన తువ్వాలు కోసం పెంచలయ్య వచ్చాడు. సూళ్లూరుపేటకు, అత్తగారి ఊరికి పోతున్నామన్నాడు. మంచిదన్నాడు ఆదిమూలం.

కొత్త కడ్డీ వేసి, వాల్వుల ట్యాపెట్లు సరిచేసి కారు పంపించాడు. ఆ తర్వాత మధ్యాహ్నాలు పొడుగైపోయాయి. హోటలు నుంచి పొట్లం తెప్పించుకుని, రోడ్డుకు వీపు పెట్టి నాలుగు ముద్దలు మింగేవాడు. సాయంత్రం ఇంటికి పోతే రేడియో పెట్టేవాడు, అది ఏం చెబుతోందో చెవికి ఎక్కేది కాదు.

ఎనిమిది నెలలకు అదే కారు, అదే టకటకతో మళ్లీ వచ్చింది. ఈసారి డ్రైవరు కొత్తవాడు. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరిగేటప్పుడు నూనె ఒత్తిడి చూపే ఎర్రదీపం వెలిగి ఆరుతోందని కూడా చెప్పాడు. పైమూత విప్పితే రాకర్లు మళ్లీ ఎండే ఉన్నాయి. ఆదిమూలం గేజీకడ్డీ తీసి చూశాడు. నెల కిందట ఆ కారుకు ఆయిలు మార్చింది ఆయనే. నూనె తేనెరంగులో, నిండుగా ఉంది. ఉన్న నూనె పైకి ఎక్కడం లేదన్నమాట.

కారు కింద పడుకుని, ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని దించాడు. అందులోంచి పంపు నూనెను పీల్చుకునే చోట చిన్న ఇనుప జల్లెడ ఉంటుంది. దాన్ని పట్టుకుని వెలుతురులోకి వచ్చాడు. జల్లెడ కన్నాల నిండా ఎర్రటి బంక, నలిగిన వానపాముల్లా అతుక్కుని ఉంది. జల్లెడ దాటిన సన్నటి తునకలు పంపు లోపలి చక్రాలను కూడా గీరేశాయి.

ఆ బంక ఆయనదే. తొట్టి అంచున నూనె కారకుండా పూయడానికి మద్రాసు నుంచి ప్రత్యేకంగా తెప్పించేవాడు. చిత్తూరులో మరెవరి దగ్గరా లేదు. మూడేళ్ల కిందట ఇదే ఇంజను విప్పి బిగించినప్పుడు, ఒక్క చుక్క కూడా కారకూడదని దండిగా పూశాడు. ఎక్కువైంది బిగింపుకు లోపలికి ఉబికి, ఎండి, రాలి, నూనె దారి మూసింది. ఆనాడు నూనె నల్లబడింది కొండదారుల వేడికి; పెంచలయ్య ఎన్నిసార్లు ఆయిలు మార్చినా ఒకటే.

ఆదిమూలం తొట్టి కడిగి, కొత్త పంపు, కొత్త జల్లెడ వేశాడు. ఈసారి బంక వేలికొనతో పలచగా రాశాడు. దీపం ఆరింది, శబ్దం పోయింది. కారు తనే తీసుకెళ్లి, జల్లెడ కుప్పయ్య ముందు పెట్టి, తప్పు తనదని చెప్పాడు. కుప్పయ్య పెంచలయ్యను మళ్లీ పనికి పిలుచుకురమ్మన్నాడు. ఆ మర్నాటి నుంచి కారును మాత్రం వేరే షెడ్డుకు పంపించాడు.

ఆదివారం ఆదిమూలం తిరుపతిలో బస్సు మారి సూళ్లూరుపేట చేరాడు. పెంచలయ్య ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల బస్సు తోలుతున్నాడు. ఇంటి ముందు బకెట్టు పెట్టుకుని ఆ బస్సు అద్దాలు తుడుస్తూ కనిపించాడు. తిరుమలమ్మ మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆదిమూలం జరిగిందంతా దాచకుండా చెప్పాడు. కుప్పయ్య మళ్లీ రమ్మంటున్నాడని కూడా చెప్పాడు.

పెంచలయ్య గుడ్డ పిండి అద్దం మీద ఆరేశాడు.

"బంక ఎవురికైనా రాల్తాదన్నా. దానికి నాకేం కోపం లేదు. ఆ పొద్దు ఆయిలు మార్చినావా అబ్బా అని నన్నొక మాట అడిగింటే సాలు. నాలుగేండ్లు నీ ఎదురుగా కూసోని తిన్నోణ్ణి."

"అడగాల్సింది," అన్నాడు ఆదిమూలం.

"ఇంక ఆడికి రాలేనన్నా. ఈడ బాగానే ఉండాది," అన్నాడు పెంచలయ్య. బస్టాండు దాకా తోడు వచ్చాడు. సీటు దొరికేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

సోమవారం పొద్దున ఒక జీపు వాల్వుల చప్పుడుతో షెడ్డుకు వచ్చింది. ఆదిమూలం స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. డ్రైవరుకు స్టూలు వేసి, ఎప్పటి నుంచి కొడుతోంది, ఏ దారిలో తిప్పుతున్నావు, మొదటి నుంచి చెప్పమన్నాడు. ఆ మనిషి వింతగా చూశాడు.

"అదంతా నాకేం తెలుసన్నా, నువ్వే సూడు," అని బీడీ ముట్టించుకుని, ఎదురుగా ఉన్న టీ అంగడికి వెళ్లిపోయాడు. ఆదిమూలం ఆ ఖాళీ స్టూలును పక్కకు జరిపి బానెట్ ఎత్తాడు.