అక్క అడిగిన ఐదు పరమాణువులు

ఇంకో చెంబు నీళ్లు పోసేసరికి కుండలో కాల్చిన సున్నపు గడ్డలు బుస్సుమని పగిలి కుతకుత ఉడికాయి, ఆ ఘాటు వాసన ముక్కుకెక్కింది, నేనేమో కర్రతో కలుపుతూ ఒకటి, రెండు, మూడు అని గొణుక్కుంటున్నాను. క్రిస్మస్‌కు ముందు గోడలకు సున్నం కొట్టే ఈ రోజున నా వయసు మళ్లీ పదేళ్లకు దిగిపోతుంది.

అప్పుడు అక్క కడపలో మిషనువాళ్ల బోర్డింగులో చదివేది. ఎండాకాలం సెలవులకు ఆత్మకూరు పక్కనున్న మా ఊరికి వచ్చేది. అమ్మ రెడ్డిగారింట్లో చింతపండు కొట్టే కూలికి పోయేది, పండు వాళ్లకు, గింజలు మాకు. వడగాలికి తలుపు మూసుకుని, పులుపు వాసన కొట్టే ఆ గింజల కుప్ప ముందు కూర్చోబెట్టి, అక్క నాకు తన పుస్తకంలోని విద్య నేర్పింది. సున్నపు రాయి ముక్క కాల్షియం, చింతగింజ ఆక్సిజన్, జొన్నగింజ హైడ్రోజన్. అక్షరం పక్కన కింద చిన్న అంకె ఎంతుంటే అన్ని గింజలు, అంకె లేకుంటే ఒక్కటే. రెండు జొన్నలూ ఒక చింతగింజా కలిస్తే నీళ్లని చెబితే, నేను వాటిని చెంబులో వేసి ఊపి చూశాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

పోయేటప్పుడు బండి ఎక్కుతూ చెప్పింది: "కార్డులో ఒక లెక్క పంపుతామ్మే. సరిగ్గా చేసినావంటే మా బడి దొరసానమ్మకు చూపించి, నిన్ను గూడా బోర్డింగులో నా పక్క చాపకు పిలిపించుకుంటా."

అక్క పోయాక ఇంట్లో పొద్దంతా మాట్లాడే మనిషి లేక, నేను తిరగలితోనూ గుడ్డి కోడితోనూ మాట్లాడాను. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చివరికి కార్డు వచ్చింది. Ca(OH)₂, ఎన్ని పరమాణువులు? నీళ్లు పోసిన సున్నం ఇదే, అని కింద రాసింది. ఒక రాయి, ఒక చింతగింజ, రెండు జొన్నలు పెట్టి, నాలుగని రాసి, పరుగున పోయి టపాలో వేయమని మా గుడి పాస్టరయ్య చేతికిచ్చాను.

జవాబు వచ్చింది. "ఏమ్మే, ఒక చింతగింజ యాడ పాయె? వేయించుకొని తింటివా ఏం? బ్రాకెట్టంటే గంప. బయట రెండుంటే రెండు గంపలు. మళ్లీ చేసి బిరీన పంపు, వచ్చే వారం దొరసానమ్మ పేర్లు రాసుకుంటాది."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్నే. ఆ వారం మేము నిజంగానే చింతగింజలు తింటున్నాము. అమ్మ వాటిని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి ఉడికించేది.

"అమా, అది నా ఆక్సిజను!" అని ఏడిస్తే, "ఏదైతేనేం, ఉప్పేసినా, బాగుండాది, తిను" అంది.

బోర్డింగులో రెండు పూటలా సంగటి తినే అక్కకు ఇదేమీ తెలియదు. చదువు మానేసి వస్తుందని అమ్మే తెలియనివ్వలేదు. అయినా ఆ "తింటివా" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మిగిలిన గింజలు తెచ్చి, మేము తినే రెండు తట్టల్లో ఒక్కో చింతగింజ, ఒక్కో జొన్న వేసి, పక్కన రాయి పెట్టాను. ఐదు! తెలిసిపోయింది. తెలిసినా రాయలేదు. అలిగాను. బతిమాలుతూ ఇంకో కార్డు రాస్తుందిలే అని వాకిట్లో కూర్చున్నాను. జవాబు రాకపోయేసరికి నాకు రావాలని లేదేమోనని అక్క అనుకుందట. పేర్లు రాసుకోవడం అయిపోయింది.

తర్వాత అక్క చెన్నపట్నంలో నర్సు అయింది. కార్డులు వస్తాయి, ఒంట్లో ఎట్లుండాది, వానలు పడినాయా అని. లెక్క మాత్రం మళ్లీ ఎప్పుడూ పంపలేదు. ఇప్పుడు రెడ్డిగారింట్లో చింతపండు కొట్టే ఆ వసారా లేదు, గుడ్డి కోడి లేదు, గింజలు పేర్చేటప్పుడు అక్షరాలు చదివి వినిపించే గొంతూ లేదు. సాయంత్రానికి గోడలు తెల్లగా ఆరి, ఇల్లు ఇంకా పెద్దదై, ఇంకా ఖాళీ అయినట్టు కనిపించింది.

మరుసటి పొద్దున, వేళ్ల పగుళ్లలో సున్నం మండుతుండగా, ఒక కార్డు తీసుకుని "అక్కా, ఐదు. ఆ గింజ నిజంగానే తింటిమి" అని రాసి, ఆత్మకూరు దాకా నడిచి పోయి తపాలా డబ్బాలో వేసి వచ్చాను.