సెంటు రబ్బరు, నాన్న కంప్యూటర్

ఇవాళ మా చిన్నదాని పెన్సిల్ డబ్బా తెరవగానే సెంటు రబ్బరు వాసన వచ్చింది. ఒక్కసారిగా సముద్రం పక్కన మల్కాపురంలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. టీవీకి తగిలించుకునే ఆ తొలి కంప్యూటర్లు మీలో ఎవరికైనా గుర్తున్నాయా?

నాన్న ముచ్చటపడి కొనుక్కున్నది ఓరోజు గీతలే చూపిస్తూ మొరాయించింది. రేడియోలు బాగుచేసే అప్పలనాయుడు మామ వచ్చి విప్పాడు.

"ఉప్పుగాలి బాబూ, తుప్పట్టీసింది. పాపా, నీ రబ్బరు ఇలాగియ్యి."

నా సెంటు రబ్బరుతో లోపల నల్లబడిన రాగి చారలు రుద్దాడు. తెర వెలిగింది. నాన్న అందులో మామ పేరే టైపు చేశారు. నేను పైకి చదివాను.

"ఆపీత్తే నా పేరు పోద్దేటి బాబూ?"

"పోతుంది నాయుడూ."

"అయితే కాసేపుండనీండి."

మామ వెళ్లిపోయాక కూడా నాన్న స్విచ్ ఆపలేదు.