చేజారిన చక్రం

రాళ్లు కోసే మేస్త్రి తన కోత మిషన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. కళ్లద్దాలు, మాస్కు, మోత వినపడకుండా చెవులకు డిప్పలు లేనిదే మిషన్ స్టార్ట్ చేసే తాడు లాగడు. కోత చక్రం పూర్తిగా ఆగనిదే మిషన్ని కింద పెట్టడు. కింద పడిన చక్రం బాగానే కనిపించినా బిగించనివ్వడు. లోపల బీటవారితే తిరిగేటప్పుడు ముక్కలై మొహాల మీదికొస్తుంది. నిన్న తన దగ్గర పనిచేసే బావమరిది ఒక చక్రం జారవిడిస్తే, "చేతులకి నూనె రాసుకొచ్చావట్రా?" అని అందరి ముందూ కడిగేశాడు.

ఇవాళ చక్రం తన చేతిలోంచే జారింది. ఎవరూ చూడలేదు. గబగబా తుడిచి బిగించబోయాడు. అంతలో దుమ్ము లేవకుండా నీళ్లు పోయడానికి బావమరిది బకెట్టుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. సుత్తి తీసుకుని చక్రాన్ని పగలగొట్టేశాడు.

"నా చేతిలోంచి పడిందిరా."

బావమరిది పళ్లికిలించాడు. "ఏం నూనె బావా?"

"నిన్న నీ దగ్గర మిగిలిందే!" అన్నాడు మేస్త్రి, కొత్త చక్రాన్ని రెండు చేతులతో అందుకుంటూ.