సాపుతారాలో మబ్బు దిగిన సాయంత్రం

చలికాలం మధ్యాహ్నాల్లో సూరత్‌లోని మా లింబాయత్ సందు మొదట్లో ఒక తోపుడుబండి వచ్చి ఆగుతుంది. దాని నిండా చిన్న చిన్న డబ్బాల్లో సాపుతారా కొండల నుంచి దిగిన స్ట్రాబెర్రీలు. రంగుల మిల్లుల ఘాటును కూడా దాటుకుని ఆ పులుపూ తీపీ కలిసిన వాసన మా కిటికీ దాకా వస్తుంది. నిన్న ఆ వాసన వస్తుండగానే మా పిల్లలిద్దరూ చెరో ఫోనూ పట్టుకుని నా ముందు కూర్చున్నారు. ఉత్తరాయణ్, అంటే మన సంక్రాంతి, సెలవులకు సాపుతారా పోవాలట. ఏ హోటల్ గదిలోంచి చెరువు కనబడుతుందో, రోప్‌వే దగ్గర ఎప్పుడు జనం తక్కువగా ఉంటారో అన్నీ వాళ్లే చూసి పెట్టారు. "మమ్మీ, బస్ హా బోల్ దో" అంటాడు చిన్నవాడు, నేను ఊ అంటే చాలన్నట్టు. నేను వెంటనే సరే అనలేకపోయాను. ఆ కొండ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒక సాయంత్రమే గుర్తొస్తుంది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఈ సందులోనే ఒక గదిలో మేం నలుగురం ఉండేవాళ్లం. బాపు, అమ్మ, నేను, తమ్ముడు శీను. మా కింద సాంచాలు నడిచేవి. మరమగ్గాలను మావాళ్లు సిరిసిల్లలో పిలిచినట్టే ఇక్కడా సాంచాలనే అనేవారు. వాటి దడదడకు గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుతూ సన్నగా మోగుతుండేవి, పడుకుంటే చాప కింద నేల వణికేది. చలికాలం వచ్చిందంటే వీధి రంగే మారిపోయేది. రోడ్డు పక్కన పెద్ద చక్రాలు తిప్పుతూ పతంగుల దారానికి గాజుపొడి, గులాబీ రంగు పట్టించే మనుషులు, మోచేతుల దాకా గులాబీ అయిపోయిన వాళ్ల చేతులు, సూరత్ వాళ్లు పోంక్ అని పిలిచే పచ్చజొన్న ఊచబియ్యం కుప్పలు, మట్టికుండలో ఉడికే ఉంధియు కూర వాసన, మా ఇళ్లలో గుడ్డల మీద చుట్టి ఆరబెట్టిన సకినాలు, పిట్టలు వాటిని ఎత్తుకుపోకుండా కాపలా కూర్చునే మేము.

బాపు పేరు నారాయణ. ఆగిపోయిన సాంచాలను బాగుచేసేవాడు. జుట్టులోనూ కనుబొమ్మల మీదా నూలు దూది అంటుకుని ఇంటికి వచ్చి, గోడకు వీపు ఆనించి చాయ్ తాగేవాడు. వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. మేం చేసిన తప్పేదో తెలిసిపోయిందనుకుని ఇద్దరం బిక్కచచ్చిపోయేవాళ్లం. అమ్మ ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టినంత దగ్గరగా నిలబడి, గొంతు బయటికి రానీయకుండా పెదాలు కదిలించేది. అది కొట్లాట అని మా నమ్మకం. మా ఇంట్లో ఎప్పుడూ ఒక కొట్లాట నడుస్తూనే ఉంటుందనుకుంటూ పెరిగాం.

ఆ ఏడు శీను దోస్తు ఒకడు బడివాళ్లతో సాపుతారా పోయి, పడవలో దిగిన ఫొటో తెచ్చాడు. శీను దాన్ని అడిగి తెచ్చుకుని బాపు ముందు పెట్టాడు. బాపు దాన్ని చాలాసేపు చూశాడు. "పోదాం తియ్యి" అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "గా గుట్టలల్ల మనకేం పని? పండుగపూట మేడ మీద పతంగులెగరేసుకుంటె సాలదా?" అంది.

అప్పటి నుంచి పండుగ దాకా మా ఇంట్లో ఆ ప్రయాణం మీద పెద్ద తగువే నడిచింది. మేం స్వెట్టర్లు తీస్తే అమ్మ మళ్లీ పెట్టెలో పెట్టేది. చలి పడదనేది, ఘాట్ రోడ్డు మంచిది కాదనేది, తమ్ముడికి దగ్గు వస్తుందనేది. మా సంతోషం చూసి ఓర్వలేకపోతోందని నేను నిజంగానే అనుకున్నాను. చివరికి బాపుతో పాటు అదే కార్ఖానాలో పనిచేసే రాజేశం కాక, మేమూ వస్తామని వ్యాను మాట్లాడేశాడు. కాక ముందు కాదనడానికి అమ్మకు నోరు రాలేదు.

ఉత్తరాయణ్ పొద్దున్నే బయలుదేరాం. మేం నలుగురం, కాక, ఆయన భార్య పద్మ చిన్నమ్మ, డ్రైవరు. వఘయీ అనే ఊరు దాటాక టేకు అడవి, వెదురు పొదలు, చలికి ముడుచుకుపోయిన ఊళ్లు. డ్రైవరు మాటిమాటికీ ఆకాశం చూస్తున్నాడు. కాలం కాని కాలంలో వచ్చే వానమబ్బును గుజరాతీలు మావఠూ అంటారు. "మావఠూ జైసా లగ్‌తా హై, జల్దీ ఉతర్నా పడేగా" అని, తొందరగా కొండ దిగిపోవాలని చెప్పాడు. అమ్మ ముఖం అప్పుడే మాడిపోయింది.

కొండ మీద అమ్మ బాపు చొక్కా చెయ్యి వదలలేదు. పడవలో పక్కనే కూర్చుంది. గుర్రాల దగ్గరా ఆ పట్టు అలాగే ఉంది. "ఏందక్కా, కొత్త పెండ్లిపిల్ల లెక్క జేస్తున్నవ్!" అని పద్మ చిన్నమ్మ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

సాయంత్రానికి టేబుల్ పాయింట్‌కు ఎక్కాం. కొండ నెత్తిన బల్లపరుపు మైదానం, దాని అంచు నుంచి కిందికి లోయ. మేం నిలబడ్డ వైపు అప్పట్లో అంచున అక్కడక్కడా సున్నం పూసిన రాళ్లే తప్ప కంచె లేదు. శీను తిన్నదంతా కక్కుకున్నాడు. అమ్మ వాణ్ణి చాయ్ కొట్టు వెనక్కి తీసుకుపోయి కడుగుతోంది. బాపు చేతులు వెనక్కి కట్టుకుని లోయ చూడటానికి నడిచాడు.

మబ్బు ఆ లోయలోంచే లేచింది. మొదట గడ్డి మీద పాకింది, తర్వాత రాళ్లు కనబడలేదు, ఆ తర్వాత గుర్రాలు, చాయ్ కొట్టు దీపం, నా కాళ్లు. జనం ఒకరినొకరు పిలుచుకుంటూ బండ్ల వైపు పరుగెత్తారు. మా వ్యాను దగ్గరికి అందరం చేరాం. బాపు లేడు.

"అన్నా! నారాయణన్నా!" రాజేశం కాక అరుస్తున్నాడు. నేనూ శీనూ "బాపూ! బాపూ!" అని గొంతులు చించుకున్నాం. డ్రైవరు హారన్ కొట్టి, లైట్లు వేశాడు. ఆ వెలుగు మబ్బుకు తగిలి తెల్లగోడలా మా ముఖాల మీదికే తిరిగి వచ్చింది. అమ్మ మాత్రం నోరు తెరవడం లేదు. కదలకుండా నిలబడి ఉంది.

"పిలువే అమ్మా! నువ్వెందుకు పిలుస్తలేవు?" అని నేను ఆమె మీద పడి ఏడ్చాను.

"ఎంత పిలిచినా లాభం లేదు బిడ్డా. ఆయినెకు ఇనబడది."

కాక అమ్మ వైపే చూస్తున్నాడు. ఆ ఒక్క మాటతో నా చిన్నతనమంతా తలకిందులైంది. తిరిగి చూడని బాపు, పెదాలతో కొట్లాడే అమ్మ, పెట్టెలోకి తిరిగిపోయిన స్వెట్టర్లు. చప్పుడును బట్టి సాంచా రోగం పట్టే మనిషికి చెవులు పోయాయని కార్ఖానా సేటుకు తెలిస్తే పనిలో ఉంచుకుంటాడా అని, అమ్మ ఆ సంగతి మాకు కూడా తెలియనీయలేదు.

ఆమె ఏడవలేదు. వ్యానులోంచి మేం కప్పుకోవడానికి తెచ్చిన దుప్పట్లు లాగి, కొసకు కొస ముడివేసింది. తెగిన నూలు పోగులు అతికి అలవాటైన చేతులవి, చీకట్లోనైనా ముడి జారదు. ఒక కొస కాక చేతికిచ్చి, రెండోది తన నడుముకు చుట్టుకుంది. "నేను గట్టిగ గుంజితె నన్ను ఎన్కకు గుంజుండ్రి" అని చెప్పి, కాలితో నేల తడుముకుంటూ మబ్బులోకి పోయింది.

నేను కాక పక్కన నిలబడి ఆ దుప్పటిని పట్టుకున్నాను. అది నా చేతుల్లోంచి కొంచెం కొంచెం జారుతోంది, ఆగుతోంది, మళ్లీ జారుతోంది. అయిపోవచ్చింది. పద్మ చిన్నమ్మ తన శాలువా తీసి కట్టింది. అదీ బిగుసుకుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి దుప్పటి వదులైపోయింది. కాక గుంజితే ఏ బరువూ లేకుండా వచ్చేస్తోంది. "అయ్యో వదినే..." అన్నాడు కాక. శీను నా నడుము పట్టుకుని ముఖం దాచుకున్నాడు. నేను మాత్రం రెప్ప వేయలేదు.

ముందు ఒక నల్లని నీడ కనబడింది. తర్వాత అది ఇద్దరైంది. అమ్మ బాపు చేతిని రెండు చేతులతో పట్టుకుని వస్తోంది. దుప్పటి కొస ఆమె నడుముకు అలాగే ఉంది, మా వైపు నడుస్తుండటం వల్లే అది వదులైంది. బాపు ప్యాంటు మోకాళ్ల దాకా మట్టి.

"కాలు కింద రాయి జరిగింది. ఇగ ఆన్నే కూసున్న. ఎవలన్న వస్తరని తెల్సు" అన్నాడు బాపు, మా ఏడుపు ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ. ఆయనకు మా అరుపులు ఒక్కటీ అందలేదు.

ఘాట్ దిగుతున్నంతసేపు డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు. సగం దారిలో అమ్మ, "రాజేశం, నీకు దండం పెడత. సేటుకు జెప్పకు" అంది.

"ఏం జెప్పాలె వదినే?" అన్నాడు కాక. "కార్ఖానల ఎవ్వనికి ఎరుక లేదు? ఎరుకుండి గూడ ఇందాక భయానికి పిలిస్తి. అన్న చెవుతోని కాదు, సాంచా మీద చెయ్యి పెట్టి దాని రోగం పట్టుకుంటడు. మాకు మాత్రం ఇనబడుతదా ఏంది? గా సాంచాల మోతకు నాకు ఎడమచెవు ఎప్పుడో పాయె."

పద్మ చిన్నమ్మ సీటులోంచి సగం లేచింది. "ఏందయ్యా? నాకు జెప్పకపోతివి! పిలిస్తె పలుకవని, నా మీద మనసు ఇరిగిందని ఎన్ని దినాలు ఏడ్సిన!" అంటూ ఆయన వీపు మీద ఒక్కటిచ్చి, ఆ చెయ్యి అక్కడే ఉంచి ఏడ్చింది.

మరునాడు సూరత్‌లో ఇంకా పతంగుల పండుగే. మేడల మీద మైకులు, కేకలు, పళ్లాల మోత. శీను పతంగు ఒకదాన్ని కోశాడు. కోసి, ఎప్పటిలా అరవకుండా, పరుగెత్తి వచ్చి బాపు ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదాలతోనే "కోసిన బాపూ" అన్నాడు. బాపు వాణ్ణి ఎత్తుకున్నాడు. ఆయన అంత పెద్దగా నవ్వడం నేను అప్పుడే విన్నాను. ఆ రోజు నుంచి మేం ఆయన్ను వెనక నుంచి పిలవలేదు. భుజం తట్టి, ఎదురుగా నిలబడి చెప్పేవాళ్లం. కోపమున్నా ముఖం చూసే చెప్పాల్సి వచ్చేది కాబట్టి మా కోపాలు ఎక్కువసేపు ఉండేవి కావు.

ఇప్పుడు ఆ కార్ఖానా లేదు, పాత సాంచాలు ఇనుము కింద తూకానికి పోయాయి. ఊరవతల సచిన్ అనే పారిశ్రామికవాడ వైపు నీళ్లతో నడిచే కొత్త మగ్గాలు వచ్చాయి. రాజేశం కాక వాళ్లు సిరిసిల్లకు వెళ్లిపోయారు. బాపు పోయి కొన్నేళ్లయింది. మా పిల్లలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేకలేసుకుంటారు, లేదంటే పక్క పక్కనే కూర్చుని ఫోన్లలో రాసుకుంటారు.

నిన్న రాత్రి వంట దగ్గర ఉండగా నా భుజం మీద చెయ్యి పడింది. ఇంట్లో చెవులు వినబడని వాళ్లెవరూ లేకపోయినా అమ్మ ఇంకా అలాగే మాట్లాడుతుంది. నేను తిరిగేదాకా ఆగి, నా ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటే విడదీసి అడిగింది.

"పిలగాండ్లు సాపుతారా పోదామంటుండ్రట గద. నన్ను గూడ తోలుకపోతవా?"

సరేనని నేను తల ఊపాను.